డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

శ్రీకాకుళము జిల్లాలో టెక్కలి, పలాసల మీదుగా ఉత్తరమునకు పోవునప్పుడు తూర్పున సముద్రతీరము పొడవునా ఒక పచ్చని సీమ కానవచ్చును. దానికి ఉద్దానమని పేరు. ఉద్యానమను మాటయే వాడుకలో ఉద్దానమైనదని చెప్పుదురు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి ప్రాంతములలో కొబ్బరి, జీడి, పనస తోటలు ఒకదానినొకటి ఒరసికొని యుండును. అచటి జీడిపిక్కలు పలాసకు చేరి, పప్పుగా మారి, దేశమంతటికి పోవుచుండును.

ఇంత చల్లని సీమకు ఒక తీరని కష్టము కలదు. కొన్ని దశాబ్దములుగా ఇచటి పల్లెలలో మూత్రపిండముల వ్యాధి పెక్కు కుటుంబములను పీడించుచున్నది. తోటలలోను పొలములలోను పాటుపడువారు నడివయస్సులోనే ఈ వ్యాధికి లోబడుచున్నారు. అందుచేత క్రియాటినిన్ అను రసాయనపు పేరు ఇచట చదువురాని ముదుసలులకు కూడ తెలియును. రక్తములో అది ఎంత యున్నదో చూచి వైద్యులు మూత్రపిండముల బలమును అంచనా కట్టుదురు.

ఈ తీరగ్రామములలోని ఆరోగ్య కేంద్రములను తలచుకొనుడు. అచట క్రియాటినిన్ పరీక్షకై రక్తమిచ్చు రోగులు ఉందురు. గర్భిణీ స్త్రీలకు ఇనుము, ఫోలిక్ ఆమ్లము కలిసిన మాత్రలు ఇత్తురు. బోదకాలు వ్యాధిని తరిమివేయుటకై ఊరివారందరికి మాత్రలు పంచిన దినములు కూడ చాలమందికి జ్ఞాపకముండును. ఈ మూడింటి వెనుకను ఒక తెలుగువాని కృషి కలదు. అంతియేకాదు. ప్రాణికోటిలో తల్లిదండ్రుల పోలికలను బిడ్డలకు చేరవేయు డి.ఎన్.ఏ. అను అణువును కణము కట్టుకొనవలెనన్నచో ఒక వస్తువు తప్పక కావలెను. దానిని ప్రయోగశాలలో తయారుచేయించి లోకమునకు అందించినవారును ఆయనయే. ఆయన పేరు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించెను. తండ్రి పేరు జగన్నాథము, తల్లి పేరు వెంకమ్మ. సంసారము పెద్దది, రాబడి చిన్నది. బాలునకు చదువుపై మొదట శ్రద్ధ కుదరలేదు. పదమూడవ యేట కాశీకి పోయి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవచ్చునని తలచి, అతడు ఇల్లు విడిచి బయలుదేరెను. ఇంటివారు వెదకి పట్టి తీసికొనివచ్చిరి. వెంకమ్మగారు పట్టుదల గల ఇల్లాలు. ఆమె కుమారుని మందలించి మరల బడిలో చేర్పించెను.

మెట్రిక్యులేషను పరీక్షలో సుబ్బారావు రెండు పర్యాయములు తప్పెను. అయినను తల్లి నిరాశ చెందలేదు. తన ఆభరణములను అమ్మి, అతని చదువునకు సొమ్ము సమకూర్చెను. అతడు మద్రాసులోని హిందూ ఉన్నత పాఠశాలలో చదివి మూడవ పర్యాయము ఉత్తీర్ణుడయ్యెను. తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలో చేరెను. ఆ దినములలో రామకృష్ణ మఠమువారి సేవ అతని మనస్సును ఆకర్షించెను. సన్న్యసింపవలెనని అతడు సంకల్పించెను. తల్లి అందుకు సమ్మతింపలేదు. సన్న్యాసి కాకున్నను వైద్యుడై రోగులకు సేవ చేయవచ్చునను ఆలోచనతో అతడు మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించెను.

1919 లో అతనికి శేషగిరి అను కన్యతో వివాహము జరిగెను. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు అతని చదువునకు తోడ్పడిరి. అది జాతీయోద్యమము విజృంభించిన కాలము. విదేశీ వస్త్రములను విడువుడని గాంధీమహాత్ముడు పిలుపునిచ్చెను. సుబ్బారావు శస్త్రచికిత్స గదిలోనికి కూడ ఖద్దరు వస్త్రములతోనే పోయెను. ఆంగ్లేయుడగు ఆచార్యునకు ఇది రుచింపలేదు. పరీక్షలన్నింటిలో చక్కగా వ్రాసినను సుబ్బారావునకు ఎం.బి.బి.ఎస్. పట్టము లభింపలేదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే దక్కెను.

ఇంతలో ఆ కుటుంబముపై పిడుగు పడెను. స్ప్రూ అను వ్యాధి సోకి సుబ్బారావుగారి సోదరులిద్దరు కొద్దిదినముల తేడాతో మరణించిరి. ఉష్ణదేశములలో కనబడు ఈ వ్యాధిలో నోరు పూసి, విరేచనములు ఆగక, తిన్న అన్నము ఒంటబట్టదు. రక్తము క్షీణించి రోగి నానాటికి కృశించిపోవును. దానికి ఆనాటి పాశ్చాత్య వైద్యములో తగిన మందు లేకుండెను. కొంతకాలమునకు సుబ్బారావుగారికి కూడ అదే వ్యాధి సోకెను. ఆయుర్వేద వైద్యులైన ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సవలన ఆయన బ్రతికి బయటపడిరి. తాను వైద్యుడై యుండియు సోదరులను కాపాడుకొనలేకపోయిన దుఃఖము ఆయన హృదయమున నాటుకొనెను. ఈ రోగమునకు కారణమేమి, దీనిలో రక్తమేల క్షీణించును అను ప్రశ్న ఆయనను జీవితాంతము విడువలేదు.

ఆయన కొంతకాలము మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రమును బోధించిరి. కాని పరిశోధన చేయవలెనను కోరిక బలపడెను. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు ఉత్తరములు వ్రాసి ప్రవేశము సంపాదించిరి. ప్రయాణపు సొమ్మునకు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థయు, మామగారును సాయపడిరి. మూడేండ్లలో తిరిగి వత్తునని భార్యకు మాటయిచ్చి ఆయన ఓడ ఎక్కిరి. ఆ మాట చెల్లలేదు. ఆయన మరల స్వదేశమునకు రానేలేదు. ఒక పని పిమ్మట మరియొక పని ఆయనను అచటనే కట్టివేసెను. శేషగిరిగారు ఎదురుచూచుటలోనే జీవితము గడపిరి. సుబ్బారావుగారి గొప్పతనమును చెప్పుకొనునప్పుడు ఆ యిల్లాలు చెల్లించిన మూల్యమును కూడ మరువరాదు.

బోస్టను నగరమున దిగునప్పటికి ఆయనయొద్ద సొమ్ము మిగులలేదు. భారతదేశపు వైద్యపట్టముతో అమెరికాలో వైద్యము చేయుటకు వీలులేదు. ఆయన పగలు చదువుకొని, రాత్రులయందు ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రపరచు ఉద్యోగము చేసిరి. ఏ పనియైనను హీనమని ఆయన భావింపలేదు. ఉష్ణదేశ వ్యాధుల చదువు ముగిసిన పిదప హార్వర్డులోని జీవరసాయన శాఖలో చేరిరి. ఆ శాఖకు ఓటో ఫోలిన్ అను విద్వాంసుడు అధిపతి. సుబ్బారావుగారు సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో కలిసి పనిచేయసాగిరి.

వారు మొదట చేపట్టిన పని భాస్వరమును కొలుచుట. ఎముకలలోను, కండలలోను, రక్తములోను, ప్రతి కణముయొక్క కేంద్రకములోను భాస్వరము కలదు. కాని శరీర ద్రవములలో అది ఎంత యున్నదో కనుగొనుట ఆ కాలమున మిక్కిలి ప్రయాసతో కూడియుండెను. వీరు ఒక తేలికయైన పద్ధతిని రూపొందించిరి. పరీక్షింపవలసిన ద్రవములో ఆమ్లమును, మాలిబ్డేటు అను లవణమును కలిపి, మరియొక రసాయనమును చేర్చినచో అది నీలిరంగునకు తిరుగును. భాస్వరము కొంచెముగా ఉన్నచో లేతనీలము, హెచ్చుగా ఉన్నచో ముదురునీలము వచ్చును. ఆ రంగును తెలిసిన కొలతతో పోల్చి చూచినచో భాస్వరమెంతయో తేలిపోవును. 1925 లో ప్రకటింపబడిన ఈ పద్ధతి ఫిస్కే, సుబ్బారావుల పేరనే ప్రసిద్ధి చెందినది. ప్రపంచమంతట అసంఖ్యాకములైన ప్రయోగశాలలు దానిని అనుసరించినవి.

ఈ నీలిరంగే వారిని ఒక క్రొత్త సత్యమునొద్దకు కొనిపోయెను. కండనుండి తీసిన రసమును పరీక్షించునప్పుడు రంగు ఒక్కసారిగా రాక, మెల్లమెల్లగా ముదురుచుండెను. వారు దానిని చిన్న విషయమని విడువక కారణమును వెదకిరి. కండలో భాస్వరము క్రియాటిన్ అను పదార్థముతో జతకూడి యున్నదనియు, ఆ జత ఆమ్లములో క్రమముగా విడిపోవుచుండుటచేతనే రంగు ఆలస్యమగుచున్నదనియు తేలెను. 1927 లో వారు ఈ సంగతిని ప్రకటించిరి. ఆ పదార్థమునకు ఫాస్ఫోక్రియాటిన్ అని పేరు. అదే కాలమున ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడ ఇట్టి పదార్థమునే వేరుగా గుర్తించిరి. కండ ముడుచుకొనునప్పుడు ఫాస్ఫోక్రియాటిన్ విడిపోయి శక్తి నందించును. విశ్రాంతి సమయమున మరల కూడుకొనును.

ఉద్దానపు ఇండ్లలో వినబడు క్రియాటినిన్ దీనినుండియే పుట్టును. కండలలోని క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ దినదినము కొంత కొంతగా క్రియాటినిన్ అయి రక్తములో చేరును. ఆరోగ్యముగా నున్న మూత్రపిండములు దానిని వడగట్టి మూత్రముతో వెలుపలికి పంపును. అవి బలహీనపడినచో అది రక్తములో నిలిచిపోవును. క్రియాటినిన్ పేరు సుబ్బారావుగారికి ముందునుండియే కలదు. దానిని రంగు సాయముతో కొలుచు విధానమును 1904 లోనే ఫోలిన్ చూపియుండెను. అయితే అది కండలోని ఏ శక్తి నిధినుండి జారి వచ్చుచున్నదో తెలియుటకు ఫిస్కే, సుబ్బారావుల పరిశోధన తోడ్పడినది.

1929 లో వారు కండనుండి మరియొక గొప్ప పదార్థమును వేరుచేసిరి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ అను శాస్త్రజ్ఞుడును దానిని కనుగొనెను. దానిని ఏ.టి.పి. అందురు. మనము నడచినను, ఊపిరి పీల్చినను, తలచినను శరీరములో ఖర్చుపడు శక్తి నాణెము ఏ.టి.పి. యే. దాని నిర్మాణమును గమనింపుడు. అందు అడెనిన్ అను క్షారము, ఒక చక్కెర, వాటికి తగిలి మూడు ఫాస్ఫేటు గుంపులు కలవు. క్షారము, చక్కెర, ఫాస్ఫేటు కలిసిన ఇట్టి అణువులకు న్యూక్లియోటైడులని పేరు. డి.ఎన్.ఏ. కూడ ఇట్టి ఇటుకలతోనే కట్టబడిన మేడ.

ఆ మేడను గూర్చి ఇచట కొంత తెలిసికొనవలెను. 1869 లో మీషర్ అను స్విట్జర్లాండు దేశీయుడు, ఆసుపత్రిలో పారవేసిన కట్టుగుడ్డలనుండి చీముకణములను సేకరించి, వాటి కేంద్రకములలో భాస్వరముతో కూడిన ఒక క్రొత్త పదార్థమును కనుగొనెను. అదియే తరువాత డి.ఎన్.ఏ. అని పేరు పొందినది. చాలకాలము దాని ప్రయోజనము ఎవరికిని తెలియలేదు. 1944 లో న్యూయార్కు నగరమున ఏవరీ అను వైద్యుడును ఆయన సహచరులును, సూక్ష్మజీవుల గుణములను ఒకదానినుండి మరియొకదానికి చేరవేయునది ఈ డి.ఎన్.ఏ. యే యని చూపిరి.

కొబ్బరిపీచుతో త్రాడు పేనునప్పుడు రెండు పోగులు ఒకదానినొకటి చుట్టుకొని పోవుటను మీరు చూచియుందురు. డి.ఎన్.ఏ. అణువు కూడ అట్లే మెలిదిరిగిన జంట పోగు. ఒక్కొక్క పోగులో చక్కెర, ఫాస్ఫేటు, చక్కెర, ఫాస్ఫేటు వరుసగా కూర్చబడియుండును. రెండు పోగుల నడుమ నిచ్చెనమెట్లవలె క్షారముల జంటలు ఉండును. క్షారములు నాలుగే: అడెనిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్. అడెనిన్ ఎల్లప్పుడును థైమిన్ తోను, గ్వానిన్ సైటోసిన్ తోను మాత్రమే జతపడును. అందుచేత ఒక పోగు తెలిసినచో రెండవ పోగు ఎట్లుండవలెనో తానే తెలియును. కణము రెండుగా చీలునప్పుడు పోగులు విడిపోయి, ప్రతి పోగు తనకు తగిన జతను క్రొత్తగా కట్టుకొనును. ఈ జంట పోగు మందము మీటరులో 50 కోట్లవ వంతు మాత్రమే. కాని మనుష్యుని ఒక్క కణములోని డి.ఎన్.ఏ. నంతను సాగదీసినచో సుమారు 2 మీటర్ల పొడవుండును. ఈ ఆకృతి సుబ్బారావుగారి జీవితకాలమున ఎవరికిని తెలియదు. ఆయన చేతికి వచ్చినవి దాని ఇటుకలు, దాని సున్నము మాత్రమే.

1930 లో హార్వర్డు విశ్వవిద్యాలయము సుబ్బారావుగారికి డాక్టరు పట్టమునొసగెను. ఇంత పేరు వచ్చినను అచట ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి లభింపలేదు. ఆయన వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడులు ఆ కాలమున వెలుగు చూడలేదనియు, ఇతరులు వాటిని చాల యేండ్లకు మరల కనుగొనవలసి వచ్చెననియు, ఆ శాఖలోనే శిక్షణ పొందిన జార్జి హిచింగ్సు తరువాత చెప్పెను. ఈ హిచింగ్సు కేంద్రకామ్లములపై పనిచేయు మందులను రూపొందించి, 1988 లో నోబెల్ బహుమానమును పంచుకొనెను. తన శ్రమకు తగిన గుర్తింపు రాకున్నను సుబ్బారావుగారు ఎవరితోను కలహింపలేదు. పనిని మాత్రము విడువలేదు.

1940 లో ఆయన న్యూయార్కు నగరమునకు చేరువనున్న పెరల్ రివర్ అను ఊరిలోని లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లిరి. కొలది కాలమునకే అచటి పరిశోధనలకు నిర్దేశకులైరి. ఇప్పుడు సోదరుల మరణము నాటి ప్రశ్నను మరల చేపట్టుటకు ఆయనకు అవకాశము దొరకెను.

రక్తహీనతను పోగొట్టు వస్తువొకటి ఆహారములో కలదని అప్పటికే సూచనలుండెను. 1930 ప్రాంతమున లూసీ విల్సు అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో బట్టలమిల్లులలో పనిచేయు గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారమువలన అది నయమగుటను గుర్తించెను. 1941 లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూర ఆకులనుండి అట్టి వస్తువునే తీసి, ఆకునుండి వచ్చినది గనుక ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. కాని బండ్లకొలది ఆకు నుడికించినను చిటికెడు పదార్థము దొరకుట దుర్లభముగా నుండెను. అట్టి మందు రోగులందరికి అందుటెట్లు? సుబ్బారావుగారు పెక్కుమంది రసాయనజ్ఞులను కూడగట్టిరి. వారు కాలేయమునుండియు సూక్ష్మజీవుల పులియబెట్టుటనుండియు దానిని వేరుచేసి, ముక్కలు చేసి చూచి, ఏ భాగము ఎచట అతుకబడినదో గుర్తించిరి. 1945 లో దానిని ప్రయోగశాలలో తయారుచేసిరి. ఆకులతో పనిలేకుండ ఫోలిక్ ఆమ్లము సమృద్ధిగా లభించెను. రక్తము క్షీణించిన రోగులకు వైద్యులు దానిని ఇచ్చి చూచిరి. స్ప్రూ రోగులు కోలుకొనిరి. తన సోదరులను బలిగొన్న వ్యాధికి సుబ్బారావుగారు ఇన్నేండ్లకు మందును సాధించిరి.

ఫోలిక్ ఆమ్లము లేనిచో రక్తమేల క్షీణించును? ఇచటనే డి.ఎన్.ఏ. కథ కలియుచున్నది. డి.ఎన్.ఏ. లోని థైమిన్ అను క్షారమును కణము తయారుచేసికొనునప్పుడు ఒక కార్బను ముక్కను తెచ్చి అతుకవలెను. అడెనిన్, గ్వానిన్ల కట్టడములో కూడ అట్టి ముక్కలు కావలెను. ఆ ముక్కలను మోసి తెచ్చు కూలివాడు ఫోలిక్ ఆమ్లము. కూలివాడు రానిచో మేస్త్రీ ఊరక కూర్చుండును, డి.ఎన్.ఏ. కట్టడము నిలిచిపోవును, కణము చీలలేదు. మన ఎముకలలోని మూలుగ సెకనుకు సుమారు 20 లక్షల ఎర్ర రక్తకణములను పుట్టించుచుండును. అంత వేగముగా పెరుగు చోట ఈ లోపము మొదట బయటపడును. కణములు చీలలేక ఉబ్బి పెద్దవగును, సంఖ్యలో తగ్గిపోవును. తల్లి గర్భములో శిశువు పెరుగుటయు కణముల చీలికయే గదా! ఆ మొదటి వారములలో ఫోలిక్ ఆమ్లము చాలకున్నచో శిశువు వెన్నెముకలో లోపము ఏర్పడవచ్చును. అందుచేతనే గర్భిణులకు ఆ మాత్రలు ఇచ్చుచున్నారు.

కణములు చీలుట ప్రాణమునకు ఆధారము. కాని అదుపు తప్పి చీలుటయే క్యాన్సరు. బోస్టను నగరమున పసిపిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు క్యాన్సరుతో మరణించు బాలలను చూచి పరితపించుచుండెను. ఆ వ్యాధికి ఆనాడు మందు లేదు. ఫోలిక్ ఆమ్లమువంటివి ఇచ్చినచో వ్యాధి మరింత ముదురుచున్నట్లు ఆయనకు తోచెను. అట్లయినచో ఫోలిక్ ఆమ్లమునకు అడ్డుపడు వస్తువును ఇచ్చినచో వ్యాధి తగ్గవలెను గదా! సుబ్బారావుగారి బృందము ఫోలిక్ ఆమ్లమును పోలియుండి, దాని పనిని మాత్రము చేయలేని అణువులను తయారుచేసెను. అందొకటి అమినోప్టెరిన్. తాళమునకు సరిపోవు దొంగ తాళపుచెవి తాళములో ఇరికి తిరుగక, అసలు చెవికి చోటులేకుండ చేయునట్లు అది కణములోని ఫోలిక్ ఆమ్లపు పనికి అడ్డుపడును. డి.ఎన్.ఏ. కట్టుకొనలేక క్యాన్సరు కణములు నశించును.

1947 చివర ఫార్బర్ ఈ మందును పిల్లలకు ఇచ్చెను. 1948 జూన్ నెలలో ఆయన ఫలితములను ప్రకటించెను. 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి కొంతకాలము తగ్గెను. అది పూర్తి స్వస్థత కాదు. వ్యాధి మరల వచ్చెను. అయినను రక్తపు క్యాన్సరును మందుతో వెనుకకు నెట్టవచ్చునని లోకమునకు తెలిసిన మొదటి సందర్భమది. ఆ కుటుంబమునకు చెందినదే మెథోట్రెక్సేటు అను మందు. క్యాన్సరులకును, కీళ్లవాపు వ్యాధికిని వైద్యులు దానిని ఇంకను వాడుచున్నారు.

లెడర్లీలో సుబ్బారావుగారి నిర్దేశకత్వమున మరి రెండు మేలులు జరిగెను. రెండవ ప్రపంచ యుద్ధములో పసిఫిక్ దీవులకు పోయిన అమెరికా సైనికులకు బోదకాలు క్రిములు సోకెను. ఆ క్రిములను చంపు హెట్రజాన్ అను మందును 1947 లో ఆయన సహచరులు ప్రకటించిరి. దానినే డి.ఇ.సి. అందురు. దోమకాటువలన బోదకాలు వ్యాపించిన మన తీర జిల్లాలలో, శ్రీకాకుళముతో సహా, తరువాతి కాలమున ప్రజలకు పంచినది ఈ మందే. రెండవది ఆరియోమైసిన్. బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని బంగారువన్నె సూక్ష్మజీవినుండి దానిని తీసెను. టెట్రాసైక్లిన్ అను మందుల కుటుంబములో అది మొదటిది. 1948 లో అది వైద్యులకు అందెను.

ఇన్ని విజయములు కలిగినను సుబ్బారావుగారు సభలలో ముందు నిలుచువారు కారు. సహచరులను ముందు నిలిపి తాము వెనుకకు తొలగుచుండిరి. అందుచేత లోకమునకు మందుల పేర్లు తెలిసినవి, మనిషి పేరు తెలియలేదు. ఆయన అమెరికాలో సుమారు పాతికేండ్లు నివసించియు ఆ దేశపు పౌరసత్వమును స్వీకరింపలేదు. స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి సంవత్సరమే, 1948 ఆగస్టు నెలలో, ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి ఆయన మరణించిరి. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరములు.

ఆయన పోయిన పిదప అయిదేండ్లు గడవకముందే డి.ఎన్.ఏ. ఆకృతి తేలిపోయెను. న్యూయార్కులో చార్గాఫ్ అను రసాయనజ్ఞుడు అడెనిన్ ఎంతయో థైమిన్ అంతయనియు, గ్వానిన్ ఎంతయో సైటోసిన్ అంతయనియు కొలిచి చూపెను. లండనులో రోజలిండ్ ఫ్రాంక్లిన్ అను విదుషీమణి పనియందు 1952 లో ఎక్సురే కిరణములతో తీయబడిన చిత్రములో అణువు మెలి తిరిగి యున్నట్లు స్పష్టముగా కనబడెను. వీటిని ఆధారము చేసికొని కేంబ్రిడ్జిలో వాట్సన్, క్రిక్ అనువారు జంట మెలి నమూనాను కట్టి, 1953 ఏప్రిల్ 25వ తేదీన ప్రకటించిరి. మేడ రూపము లోకమునకు కనబడెను. సుబ్బారావుగారు సాధించిన మందులు కణములలో ఎచట ఎట్లు పనిచేయుచున్నవో వివరించుటకు అప్పటినుండి దారి ఏర్పడెను. అదే 1953 వ సంవత్సరమున ఒక జాతి బూజునకు ఆయన జ్ఞాపకార్థము సుబ్బారోమైసిస్ అని పేరిడిరి. ఆయన శతజయంతి సందర్భమున 1995 లో భారత ప్రభుత్వము ఆయన చిత్రముతో తపాలా బిళ్లను వెలువరించినది.

బాలలారా! సుబ్బారావుగారి జీవితమును చదివి, వారు పుట్టుకతోనే మేధావులని మీరు భావింపవలదు. రెండు పర్యాయములు పరీక్ష తప్పిన బాలుడాయన. ఆయన గొప్పతనము వేరొకచోట కలదు. సోదరుల మరణమును చూచి విలపించి ఊరకుండక, దానిని ఒక ప్రశ్నగా మార్చుకొనిరి. ఆ ప్రశ్నకు సమాధానము దొరకుటకు ఇరువది యేండ్లకు పైగా పట్టెను. గాజుగొట్టములో రంగు ఆలస్యముగా వచ్చినచో, అదియును ఏదో చెప్పుచున్నదని నమ్మి చెవియొగ్గిరి.

ఉద్దానమునకు నేడు అట్టి చూపు కావలెను. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రమును ప్రారంభమైనవి. నీటిని, నేలను, ఎండలో చేయు శ్రమను, తరతరముల డి.ఎన్.ఏ. ను కూడ శాస్త్రజ్ఞులు పరిశీలించుచున్నారు. ఈ వ్యాధికి మూలకారణము ఇదియేయని ఇంకను నిర్ధారణ కాలేదు. కొబ్బరితోటల నడుమ ఇంటివారి కష్టమును కన్నులార చూచిన బాలుడో బాలికయో ఆ ప్రశ్నను విడువక పట్టుకొనవలసి యున్నది. సుబ్బారావుగారికి మనము తీర్చవలసిన ఋణము అదియే.